యంత్రానికి అధిక మాసం తెలియదు

కొవ్వూరులో పెళ్ళి చెయ్యాలన్నా, కొత్త ఇంట్లో పాలు పొంగించాలన్నా, చేలో బోరు వేయించాలన్నా జనం ముందుగా వఝల సర్వేశ్వర సిద్ధాంతిగారి అరుగు ఎక్కేవారు. ఆయన పెట్టిన ముహూర్తానికి వాన కూడా కాస్త ఆగి కురుస్తుందని చెప్పుకునేవారు. పిల్లల అక్షరాభ్యాసం మొదలుకొని కొత్త లారీకి నిమ్మకాయలు కట్టేదాకా ఎన్నిటికో ఆయన మంచి ఘడియ చూసి ఇచ్చాడు. మూర్ఛకు ముహూర్తం పెట్టమని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ పని ఆయన తన కూతురి కోసం చేసుకోవలసి వచ్చింది.

ఆ రోజు జ్యేష్ఠ బహుళ చతుర్దశి, మాస శివరాత్రి. సిద్ధాంతి అభిషేకం ముగించి, తడి చేతులు కండువాకు తుడుచుకుంటూ నడిమింట్లోకి వచ్చాడు. నేల మీద పరుపు పరిచి ఉంది. కుర్చీలు, మరచెంబు, గోడవార తిరగలి, తగిలితే దెబ్బతీసేవన్నీ భార్య విశాలాక్షి అప్పటికే పక్కగదిలోకి జరిపేసింది. హైమ కళ్ళజోడు తీసి అమ్మ చేతికిచ్చి, పరుపు మీద పక్కకు తిరిగి పడుకుంది.

"త్వరగా కానివ్వండి నాన్నగారూ. మధ్యాహ్నానికి ప్రెస్సుకి పంచాంగం పేజీలు పంపాలి."

"ఉండమ్మా, దుర్ముహూర్తం వెళ్ళనీ."

"మూర్ఛకి దుర్ముహూర్తం ఏంటండీ! అదే ఒక దుర్ముహూర్తం కదా," అని హైమ నవ్వింది.

విశాలాక్షి కూడా నవ్వింది. సిద్ధాంతి నవ్వలేదు. గడియారం చూసుకుని, కూతురి పక్కన గొంతుకూర్చుని, ఎడమ చెవి వెనక జుట్టు పక్కకు తీశాడు. అక్కడ చర్మం కింద చింతగింజంత బిళ్ళ. దాని మధ్యలో పసుపుపచ్చగా మిణుకుమంటున్న చిన్న వెలుగు. ఆయన కుడి బొటనవేలు దాని మీద ఆనించి నొక్కాడు. వేలిముద్రను పోల్చుకుని బిళ్ళ తుమ్మెదలా సన్నగా రొద చేసింది.

తరువాత జరిగేది ఆయన ఎప్పుడూ చూడడు. కళ్ళు మూసుకుని మృత్యుంజయ మంత్రం అందుకుంటాడు. చూసేది విశాలాక్షే. కూతురి వేళ్ళు కొంకర్లు పోవడం, పళ్ళు గిట్టకరచుకోవడం, ఒళ్ళంతా కొరడా దెబ్బలు తగిలినట్టు ఎగిరెగిరి పడడం, పెదవి చివర నురగ. ఆవిడ ఆ పిల్లను పట్టి ఆపదు, నోట్లో ఏమీ పెట్టదు, తల కింద చెయ్యి మాత్రం వేసి ఉంచుతుంది.

అంతా సద్దుమణిగాక హైమ కళ్ళు తెరిచింది. చెవి వెనక వెలుగు ఆకుపచ్చగా మారింది.

"అయిపోయిందా? కాఫీ ఇవ్వమ్మా," అంది నీరసంగా.

ఇక నెలంతా ఆ ఇంటికి మూర్ఛ లేదు. హైమ డాబా ఎక్కి బట్టలు ఆరేయవచ్చు. గడియ పెట్టుకుని స్నానం చెయ్యవచ్చు. తోడు లేకుండా గోదావరి గట్టుకు పోవచ్చు. మామూలు వాళ్ళకు ఇవి లెక్కలోకి రాని సంగతులు. ఆ పిల్లకు అవే పండుగలు.

హైమకు మొదటి మూర్ఛ పెద్దమనిషి అయిన ఏడాదే వచ్చింది. రాజమండ్రి డాక్టరు ఉదయం ఒకటి, రాత్రి ఒకటి మాత్రలు రాసిచ్చి, "సూర్యుడు పొడవడం మానినా ఇవి మానకూడదు," అన్నాడు. ఆ మాత్రలతో చిగుళ్ళు వాచేవి. మధ్యాహ్నమయ్యేసరికి కళ్ళు కూరుకుపోయేవి. అయినా మూర్ఛ చాలావరకు అణిగే ఉండేది. ఎప్పుడైనా నిద్ర చెడితేనో, మాత్ర తప్పితేనో తలెత్తేది. ఒకసారి చంద్రగ్రహణం నాడు, "విడుపు స్నానం అయ్యాక వేసుకుందువుగానిలే," అని సిద్ధాంతే కూతురి చేతిలో మాత్ర వెనక్కి తీసుకున్నాడు. ఆ విడుపు స్నానం హైమ చెయ్యనే లేదు. నూతి చపటా మీద పడి నుదురు చిట్లింది. ఆయన అప్పుడు చాలా బాధపడ్డాడు. అది గ్రహణం దోషమేనని ఆయనకు గట్టి నమ్మకం.

మాత్రలతోనే ఆ పిల్ల డిగ్రీ చదివింది, కంప్యూటరు నేర్చింది, చివరికి తండ్రి పంచాంగానికి గణితమంతా తానే చెయ్యసాగింది. తిథి ఎప్పుడు మారుతుందో, వర్జ్యం ఎప్పుడు మొదలో హైమ లెక్క కట్టాకే సిద్ధాంతి చూసి తలూపేవాడు. అలాగే గడిచిపోయి ఉంటే ఎలా ఉండేదో మనం చెప్పలేం. కానీ ఒక పెళ్ళిలో, సిద్ధాంతే పౌరోహిత్యం చేస్తున్న పెళ్ళిలో, హైమ భోజనాల బంతిలో పడిపోయింది. ఎవరో పరుగున వచ్చి ఆ పిల్ల చేతిలో తాళాలగుత్తి పెట్టారు. ఇంకెవరో, "ఊరందరి గ్రహాలూ చూసే మనిషి ఇంట్లో గ్రహాలు చూసుకోలేదు కాబోలు," అని ఆయన చెవిన పడేలాగే అన్నారు. కూతురు లేచి, ముఖం కడుక్కుని, ఆ సంగతి మరిచిపోయింది. తండ్రి మరవలేదు.

విశాఖపట్నంలో ఒక పరిశోధనాలయం వాళ్ళు మూర్ఛ రోగుల కోసం వెతుకుతున్నారని విని, తనే కూతుర్ని తీసుకెళ్ళాడు.

అక్కడ డాక్టర్ వకుళ అనే ఆవిడ సన్నగా, చురుగ్గా, మాటకు మాట నవ్వుతూ ఉండేది. "మూర్ఛని ఆపలేమండీ. వాయిదా వెయ్యగలం," అంది. "తలలో అది రేగబోతుండగానే బిళ్ళ పట్టుకుని దాచేస్తుంది. మీకు కావలసిన రోజున మెత్తటి పరుపు మీద వదిలిపెడుతుంది."

సిద్ధాంతి ముందుకు వంగాడు. "రోజు మేమే పెట్టుకోవచ్చా అమ్మా?"

"మీ ఇష్టం. నెలకోసారి మాత్రం ఖాళీ చెయ్యాలి. మానకండి."

"ఇంతకాలం వేసుకున్న మాత్రలో?" విశాలాక్షి అడిగింది.

"మెల్లగా తగ్గించి మానిపిస్తాం. మాత్రలు మూర్ఛని పుట్టకుండానే నలిపేస్తాయండీ. ఇక బిళ్ళ పట్టుకోవడానికి ఏముంటుంది?"

వేలిముద్ర దగ్గర హైమ పేచీ పెట్టింది. "నా మూర్ఛ కదండీ, నా వేలే పెట్టండి."

"పేషెంటు చేతికివ్వమమ్మా. ఏ రోడ్డు మధ్యలోనో నొక్కుకుంటేనో?"

"పోనీ అమ్మది."

"ఒక్క వేలే పడుతుంది ప్రస్తుతానికి. ఇంటిపెద్దది పెడదాం," అంది వకుళ. సిద్ధాంతి బొటనవేలు చాపాడు.

ఆయన ఇంటికొచ్చి పంచాంగం ముందు వేసుకుని చాలాసేపు ఆలోచించాడు. ఉగ్రమైనదాన్ని ఉగ్రమైన తిథినాడే వదలాలి. నెలనెలా బహుళ చతుర్దశి, శివుడి రోజు. ముందు అభిషేకం, తరువాత బిళ్ళ, ఆ పైన శాంతికి నువ్వుల దానం. భక్తితోనే చేశాడు, అందులో అబద్ధం లేదు. ఏడాది పైగా, ఆ ఆషాఢం దాకా, ఒక్క నెల తప్పలేదు.

ఆ ఏడు శ్రావణం రెండుసార్లు వచ్చింది. ముందు అధికం, తరువాత నిజం. లెక్క కట్టింది హైమే.

అదే ఏడు కొడుకు ఫణికి సంబంధం కుదిరింది. ఫణి రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం. పిల్ల శ్రీవాణి, తుని అవధానిగారి అమ్మాయి. నిజ శ్రావణ శుద్ధ దశమి, ఉదయం తులా లగ్నానికి ముహూర్తం. సిద్ధాంతి కొడుకు పెళ్ళికి సిద్ధాంతి పెట్టిన ముహూర్తం కాబట్టి జిల్లాలో పురోహితులందరి కళ్ళూ దాని మీదే ఉన్నాయి.

హైమ మూర్ఛ సంగతి తుని వాళ్ళకు చెప్పలేదు. అబద్ధం ఆడలేదు, వాళ్ళు అడగలేదు, అంతే. "అమ్మాయికి ఇంకా చెయ్యలేదేమండీ?" అని అవధానిగారి భార్య ఒకసారి అంటే, "దాని ధ్యాసంతా గణితం మీదే," అని సిద్ధాంతి నవ్వేశాడు.

అధిక మాసంలో గోదావరి స్నానం పుణ్యమని అవధానిగారు కుటుంబంతో సహా కొవ్వూరు వచ్చారు. గోష్పాద రేవు దగ్గర సత్రంలో దిగుతామంటే సిద్ధాంతి ఒప్పుకోలేదు. "కాబోయే వియ్యంకుణ్ణి సత్రంలో దింపితే ఊళ్ళో తలెత్తుకోగలనా?" అని ఇంటికే తీసుకొచ్చాడు. వాళ్ళు దిగిన మూడోనాడు చతుర్దశి.

ముందురోజు ఉదయం విశాలాక్షి వంటింట్లో మడిబట్టతో నిలబడి, గొంతు తగ్గించి అడిగింది. "రేపు చతుర్దశి కదండీ. అమ్మాయి సంగతేం చేస్తారు?"

"అధిక మాసమే. కామ్య కర్మలు చెయ్యకూడదు."

"ఇది కామ్యమా?"

"మరేంటి? బాగుపడాలని చేసేది కామ్యమే."

"బాగుండాలనే రోజూ అన్నం తింటున్నాం. అదీ కామ్యమేనా అండీ? ఈ నెలంతా తినడం మానేద్దామా?"

"ఆవకాయ కలిపినట్టు శాస్త్రం కలపకు నువ్వు!"

హైమ గుమ్మంలోకి వచ్చింది. "నాన్నగారూ, యంత్రానికి అధిక మాసం తెలియదు. అది రోజులు లెక్కపెడుతుంది. పేరు ఒకటే అయినా నెలలు రెండు."

"నాకు చెప్తున్నావా మాసాల సంగతి?"

"ఈ అధికం లెక్క కట్టింది నేనేగా. తప్పుంటే చెప్పండి."

లెక్కలో తప్పు లేదు. అది ఆయనకూ తెలుసు. రోగికి నియమం లేదని, ఆపదలో ఏ తిథీ అడ్డు రాదని, అరుగు ఎక్కిన ఎందరికో ఆయనే చెప్పి పంపాడు. అంత తెలిసిన మనిషి నోట ఆ రోజు కామ్యమనే మాట ఎందుకు వచ్చింది? అదే సమయానికి ముందు గదిలోంచి అవధానిగారు, "బావగారూ, రేవుకి బయల్దేరదామా?" అని కేకేశారు. వంటింట్లో పలికింది శాస్త్రమో, ముందు గదిలో కూర్చున్న వియ్యంకుడో, ఆ ఈశ్వరుడికే తెలియాలి.

"వచ్చే చతుర్దశికి చూద్దాం. అప్పటికి పెళ్ళి కూడా అయిపోతుంది," అని ఆయన కండువా సర్దుకుని వెళ్ళిపోయాడు.

వియ్యాలవారు తుని చేరేసరికి హైమ చెవి వెనక వెలుగు పసుపు దాటి నారింజ రంగుకు తిరిగింది. ఆ పిల్ల మెడలో చీమలు పాకుతున్నట్టుందంది. ఇంట్లో ఏమీ వండకపోయినా బెల్లం మాడిన వాసన వస్తోందంది. ప్రెస్సు వాళ్ళు ఫోను చేసి, "అమ్మా, ఒకే వారంలో రెండు బుధవారాలు వేశారేంటి?" అని అడిగారు. హైమ లెక్కలో తప్పు రావడం అదే మొదలు.

"నాన్నగారూ, వదిలెయ్యండి," అని పొద్దుటే అడిగేది. మధ్యాహ్నం అడిగేది. మనిషి తనకు మూర్ఛ రావాలని బతిమాలుకోవడం ఆ ఇంట్లో తప్ప మరెక్కడా జరిగి ఉండదు. "నాది నాకిచ్చెయ్యండి. తలుపులు వేసుకుంటాను. నోట్లో గుడ్డ కుక్కుకుంటాను. ఎవరికీ వినపడదు."

"పసుపు దంచేశామమ్మా. శుభం మొదలయ్యాక ఇంట్లో ఆ పని వద్దు. మీ అన్నయ్య బాగు కోరవూ?"

ఆ మాటకు హైమ లోపలికి వెళ్ళిపోయేది.

విశాలాక్షి పోరు పడలేక ఆయన కూతుర్ని విశాఖ తీసుకెళ్ళాడు. డాక్టర్ వకుళ హైమ తలకు తీగలు తగిలించి తెర చూసింది. చూసి, పక్కగదిలో ఉన్న ఇంకో డాక్టర్ని పిలిచింది. ఇద్దరూ తెర మీదికి వంగారు. ఇల్లు తగలబడుతుంటే ముందు జడిసి, ఆ పైన మంటల వెలుగును ముచ్చటగా చూసేవాళ్ళలా, వాళ్ళ ముఖాల్లో భయం కాసేపుండి పోయింది. మిగిలింది ఆశ్చర్యం.

"ఇంతగా పట్టి ఉంచినవాళ్ళు మా దగ్గర ఇప్పటిదాకా లేరండీ," అంది వకుళ.

సిద్ధాంతి అది మెప్పనుకున్నాడు. "మా వంశంలో ఓర్పు ఎక్కువ," అన్నాడు.

"డాక్టరుగారూ, మీరైనా తెరవండి. ఇక్కడ తెరవొచ్చు కదా?" హైమ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"తెరవచ్చు. నిజానికి తెరవాలి కూడా..." వకుళ మళ్ళీ తెర చూసింది. "పెళ్ళెప్పుడండీ?"

"శుద్ధ దశమి. ఇక వారం రోజులు. ఇప్పుడు తెరిస్తే పెళ్ళినాటికి తేరుకుంటుందా?"

"ఇంత పెద్దది వచ్చాక కొన్నాళ్ళు నీరసంగా ఉండచ్చు. మాట కాస్త తడబడచ్చు."

"అయితే ఆ వారం రోజులూ ఆగలేదా?"

ఆగలేదు అని ఆవిడ ఒక్క మాట అంటే సరిపోయేది. ఆవిడ అబద్ధమూ చెప్పలేదు. "బిళ్ళలో చోటైతే ఉంది," అంది. తరువాత హైమ జుట్టులో మరో చిన్న తీగ అమర్చింది. "ఇది ఏమీ చెయ్యదు. ఊరికే రాసుకుంటుంది," అని చెప్పింది.

తిరుగు ప్రయాణంలో హైమ రైలు కిటికీ పక్కన కూర్చుని తండ్రి వైపు చూడలేదు. అన్నవరం దగ్గర మాత్రం, "ఆ కొండ పేరేంటి నాన్నగారూ?" అని అడిగింది. ఏటా వెళ్ళి మొక్కే కొండ. హాస్యానికి అంటోందనుకున్నాడు ఆయన.

మర్నాడు మధ్యాహ్నం భోజనమయ్యాక సిద్ధాంతి పడక్కుర్చీలో కునుకు తీస్తున్నాడు. కలలో ఎవరో తన చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టనిపించి మెలకువ వచ్చింది. హైమ నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఆయన కుడిచెయ్యి ఆ పిల్ల రెండు చేతుల్లోనూ ఉంది. తల పక్కకు వాల్చి, ఆయన బొటనవేలిని మెల్లగా, నిద్రలో ఉన్న పసిపిల్ల చెయ్యి జరిపినట్టు, తన చెవి వెనక్కి తెచ్చుకుంటోంది. ఇంకొక్క బెత్తెడు మిగిలింది.

ఆయన చెయ్యి లాక్కున్నాడు. లాగిన విసురుకు హైమ చెంప చెళ్ళుమంది. కావాలని కొట్టలేదు. కొట్టలేదని కూడా అనలేం.

"దొంగతనమా? కన్నతండ్రి వేలు దొంగిలిస్తావుటే?"

హైమ చెంప పట్టుకోలేదు, ఏడవలేదు. "ఇంకెవరి వేలూ పనికిరాదు కదండీ," అంది.

ఆ రోజు నుంచీ ఆయన పడుకునేముందు బొటనవేలికి గుడ్డ చుట్టుకున్నాడు. ఏమైందని అడిగినవాళ్ళకు గోరుచుట్టు అని చెప్పాడు. విశాలాక్షి ఆ గుడ్డ చూసింది. ఆ పూట ఆయనకు వడ్డించలేదు, అంతే. ఆయనే వడ్డించుకున్నాడు.

తునిలో పెళ్ళి దివ్యంగా జరిగింది. తులా లగ్నం గడియ తప్పలేదు. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు సన్నగా చినుకులు పడి, మంగళసూత్రం వేళకు ఎండ కాసింది. వచ్చిన పురోహితులంతా సిద్ధాంతి చెయ్యి పట్టుకుని, "ముహూర్తమంటే ఇదండీ," అన్నారు. ఆయన వేలికి గుడ్డ లేదు ఆ రోజు.

హైమ చెవి వెనక వెలుగు ఎర్రగా, ఆగకుండా వెలుగుతోంది. విశాలాక్షి దాని మీదుగా పూలజడ వేసి, చామంతులు దట్టంగా గుచ్చి కప్పేసింది. హైమ కూర్చోబెట్టిన చోట కూర్చుంది, నిలబెట్టిన చోట నిలబడింది. "ఆడపడుచంటే అలా ఉండాలి! ఎంత ఒద్దికో, నోట మాటే లేదు," అని పెళ్ళికూతురి పిన్ని మెచ్చుకుంది.

మర్నాడు ఉదయం కొవ్వూరులో గృహప్రవేశం. కొత్త దంపతులు గుమ్మం ముందు నిలబడ్డారు. ఆడపడుచు అడ్డం నిలబడి, ఒకరి పేరు ఒకరి చేత చెప్పించాకే లోపలికి వదలాలి. అరుగు నిండా జనం. హైమ గడప మీద రెండు చేతులూ చాచి నిలబడింది.

"అడగవేం హైమా? కాళ్ళు కాలుతున్నాయి," అన్నాడు ఫణి.

హైమ అన్నను చూసింది, వదినను చూసింది. పెదవులు కదిలించింది. చాలాసేపటికి, "పేరు..." అంది. "నా పేరేంటి అన్నయ్యా?"

అరుగంతా గొల్లుమంది. "భలే మెలిక పెట్టిందే ఆడపడుచు!" అని అవధానిగారు తొడ చరిచారు. "నీ పేరు కోతి! తప్పుకోవే," అని ఫణి నవ్వుతూ చెయ్యి తోశాడు. హైమ కూడా అందరి ముఖాలూ చూసి, వాళ్ళలాగే పెదవులు సాగదీసింది. కొత్త కోడలు శ్రీవాణి ఒక్కతే నవ్వలేదు. ఆ పిల్ల హైమ కళ్ళలోకి చూసి, "ఏమండీ, వదిన నిజంగా అడుగుతోంది," అంది.

విశాలాక్షి చేతిలో హారతి పళ్ళెం కింద పెట్టేసింది. జనంలోంచి వెళ్ళి భర్త మణికట్టు పట్టుకుంది. పెళ్ళయినప్పటినుంచీ నలుగురిలో ఆయనకు ఎదురు చెప్పని మనిషి.

"రండి."

"సత్యనారాయణ వ్రతం కానీవే. కోడలు ఇప్పుడే గడప..."

"మీ వ్రతం తగలెయ్య. రండి!"

వియ్యాలవారి ముందే ఆయన్ని ఈడ్చుకొచ్చి, పూలజడ తెంపి, ఆయన బొటనవేలు బిళ్ళ మీద తనే అదిమింది. పరుపు వేసే వ్యవధి లేదు. గడపలోనే, ముగ్గు మీదే.

ఈసారి సిద్ధాంతి కళ్ళు మూసుకోలేకపోయాడు. భార్య ఆయన చెయ్యి వదల్లేదు. బిళ్ళ రొద చేసింది. హైమ నేలకొరిగింది. ఒక మూర్ఛ వచ్చి, ముగిసి, ఆ పిల్ల ఊపిరి తీసుకునేలోగా ఇంకొకటి వచ్చింది. దాని వెనకే మరొకటి. వాయిదా వేసినవన్నీ వరసలో నిలబడి ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ వచ్చాయి. రాజమండ్రి ఆసుపత్రి చేరేదాకా, సూది మందులు ఎక్కించి నిద్రపుచ్చేదాకా ఆగలేదు. ఆయనకు వచ్చిన మంత్రాల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

హైమ బతికింది. నడుస్తుంది, తినిపిస్తే తింటుంది, మనుషుల్ని గుర్తుపడుతుంది. మాట లేదు. అంకెలు లేవు. మాట ఉండే చోటే దెబ్బతిందని ఆసుపత్రి డాక్టరు చెప్పాడు. పాత మాత్రలే మళ్ళీ మొదలుపెట్టాడు. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి.

డాక్టర్ వకుళ స్వయంగా వచ్చి బిళ్ళ తీయించింది. ఆవిడ కళ్ళు వాచి ఉన్నాయి. ఏడ్చే ఉంటుంది. "నెలకోసారి అని చెప్పాను కదండీ. ఒక నెల ఎలా తప్పింది?" అని అడిగింది.

సిద్ధాంతి అధిక మాసం సంగతి చెప్పాడు. ఆవిడ సంచిలోంచి కాగితం తీసి రాసుకుంది.

"ఇకమీద ఇచ్చే కాగితంలో నెల అనే మాట తీసేయిస్తాను. ముప్ఫై రోజులని వేయిస్తాను," అంది. లేచేముందు మళ్ళీ అంది: "ఆ తీగ రాసుకున్నదంతా మాకు చాలా పనికొచ్చిందండీ. కొత్త బిళ్ళకి వేలిముద్ర అక్కర్లేదు. నిండగానే అదే తెరుచుకుంటుంది."

ఆయన చేతులు జోడించాడు. ఎందుకు జోడించాడో ఆయనకే తెలియదు.

తుని వాళ్ళు సంబంధం తెంచుకోలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన కొన్నాళ్ళకు, శ్రీవాణి హైమకు మాత్ర వేసి నీళ్ళు తాగిస్తూ మామగారితో అంది: "ముందే చెప్పి ఉంటే ఏమయ్యేదండీ? పెళ్ళిలో వదినని మెచ్చుకుంది చూడండి, మా పిన్ని, ఆవిడకీ ఉంది. చిన్నప్పటినుంచీ మాత్రలు వేసుకుంటోంది. బడిలో పంతులమ్మ. ఇద్దరు పిల్లలు. మా ఇంట్లో అందరికీ తెలిసిందే, ఎవరూ దాచరు."

కోడలు నిష్ఠూరానికి అనలేదు. మామూలుగానే అంది.

జనం ఇప్పటికీ అరుగు ఎక్కుతారు. ఆ పెళ్ళి ముహూర్తం గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. సిద్ధాంతి పంచాంగం తెరిచి, ఘడియలు చూసి, చెప్పవలసింది చెప్పి పంపుతాడు. దేవుడి మీద ఆయనకు నమ్మకం పోలేదు. అభిషేకం మానలేదు. కాకపోతే లింగం మీద నీళ్ళు పోస్తూ మధ్యలో ఆగిపోతుంటాడు. అడగాలనుకున్నది నోటిదాకా వచ్చి, అడగవలసింది శివుణ్ణి కాదని తోచి, మళ్ళీ పోస్తాడు.

మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయన పడక్కుర్చీలో కూర్చుంటాడు. నిద్ర పోడు. హైమ వస్తుంది. నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంటుంది. ఆయన కుడిచెయ్యి రెండు చేతులతోనూ తీసుకుని, తల పక్కకు వాల్చి, బొటనవేలిని మెల్లగా తన చెవి వెనక్కి తెచ్చుకుంటుంది. అక్కడిప్పుడు బిళ్ళ లేదు. కుట్లు మానిన మచ్చ ఉంది. దాని మీద పెట్టి అదుముకుని, ఆయన ముఖంలోకి చూస్తూ ఎదురుచూస్తుంది.

ఆయన చెయ్యి లాక్కోడు. నొక్కుతాడు. ఏమీ జరగదు. హైమ ఇంకాస్త గట్టిగా అదుముకుంటుంది.